ఫ్యాను ఆపితే రంగు ఆగింది: వైజాగ్‌లో ఫాంటసీ మినీ బొమ్మలకి రంగులేస్తూ కొత్త టెక్నిక్‌లు నేర్చుకున్న నా అనుభవం

జూన్ మూడో వారం అనుకుంటా, రాత్రి తొమ్మిదిన్నరకి మా వీధి మొత్తం కరెంట్ పోయింది. అప్పటికి గంటన్నర నుంచి నేను ఒక మంత్రగత్తె బొమ్మ క్లోక్ (భుజాల మీంచి కప్పుకునే పొడుగు వస్త్రం) మీద వెట్ బ్లెండింగ్ ట్రై చేస్తున్నా. అంటే ముదురు నీలం ఒక పక్క, లేత ఆకుపచ్చ ఇంకో పక్క పెట్టి, రెండూ తడిగా ఉండగానే మధ్యలో బ్రష్‌తో కలుపుకుంటూ పోయి ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలీకుండా చెయ్యడం. వీడియోల్లో చూస్తే అట్టు మీద వెన్న రాసినట్టే ఉంటుంది. నాకేమో రెండో రంగు పెట్టేలోపే మొదటిది ఆరిపోయేది, దాని మీద బ్రష్ లాగితే సగం ఆరిన పొర చిరిగి చిన్న చిన్న ఉండలు కట్టేది, మళ్లీ నీళ్లు కొట్టి తుడిచి మళ్లీ మొదలు, అలా అప్పటికి ఐదోసారి.

కరెంట్ పోయాక ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని కూర్చున్నా. చెమట కారిపోతోంది, మోచెయ్యి టేబుల్‌కి అంటుకుపోతోంది, కానీ లేవబుద్ధి కాలేదు ఎందుకంటే క్లోక్ మీద రంగు ఇంకా కదుల్తోంది. నిమిషం అయ్యింది, రెండు నిమిషాలయ్యాయి, ఇంకా తడిగానే ఉంది, బ్రష్ పెడితే మెత్తగా జారుతోంది. నీలం మెల్లగా ఆకుపచ్చలోకి కలిసిపోయింది, మధ్యలో గీత లేదు. మూడేళ్లుగా నా నెత్తి మీద ఐదో నంబర్‌లో తిరుగుతున్న ఫ్యానే నా రంగుని ఆరబెట్టేస్తోందని ఆ రాత్రి గాని నాకు తెలీలేదు.

అక్కడి నుంచి ఈ ఐదు నెలలు నేను ట్రై చేసినవన్నీ ఆ ఒక్క రాత్రి నుంచి పుట్టినవే, అందుకే దాంతో మొదలుపెట్టా.

ఈ హాబీ తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తా. ఇవి మనిషి బొమ్మ 28 నుంచి 32 మిల్లీమీటర్ల ఎత్తుండే లెక్కలో చేసిన చిన్న బొమ్మలు, అస్థిపంజరాలు, రాక్షసులు, మాంత్రికులు, డ్రాగన్‌లు, టేబుల్ మీద ఆడే ఫాంటసీ గేమ్‌ల కోసం చేసినవి. ప్లాస్టిక్ ఫ్రేముల్లో ముక్కలుగా వస్తాయి, కత్తిరించి అతికించి మనమే రంగులెయ్యాలి. ఇప్పుడు త్రీడీ ప్రింటర్‌లో తీసిన రెజిన్ బొమ్మలు మన దేశంలోనే దొరుకుతున్నాయి గానీ ఈ వ్యవహారానికి ఒక పెద్ద కేంద్రం ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్. ఇలాంటి బొమ్మలు, గేమ్‌లు చేసే, 1975లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ హెడ్డాఫీసు ఇప్పుడు అక్కడే ఉంది. మా అన్నయ్య ఎమ్మెస్సీకని ఆ ఊరికే వెళ్లాడు, వాడికి ఈ బొమ్మల మీద పెద్ద ఇష్టమేం లేదు, కానీ చిన్నప్పుడు నేను సంక్రాంతి బొమ్మల కొలువులో బొమ్మలకి పోయిన రంగులు మళ్లీ వేసేదాన్నని గుర్తుపెట్టుకుని మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఒక అస్థిపంజరాల బాక్స్ తెచ్చిచ్చాడు. అలా మొదలు.

మూడేళ్లు నేను వేసింది ఒకటే పద్ధతి. నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే అడుగు కోటు), దాని మీద బేస్ రంగు, దాని మీద గోధుమ రంగు వాష్ (గుంటల్లోకి పారే పల్చటి రంగు), ఆరాక అంచుల మీద లేత రంగు. బాగానే వచ్చేవి, కానీ ఇరవయ్యో బొమ్మకీ నలభయ్యో బొమ్మకీ తేడా లేకపోయేసరికి నాకే విసుగొచ్చింది. చెయ్యి తిరిగింది గానీ కొత్తగా ఏం నేర్చుకోవట్లేదు.

సరే, ఫ్యాను సంగతి. యాక్రిలిక్ రంగు అంటే నీళ్లలో తేలుతున్న ప్లాస్టిక్ రేణువులు, రంగు పొడి. నీళ్లు ఆవిరైపోగానే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొర కట్టేస్తాయి, ఒకసారి కట్టాక మళ్లీ నీళ్లకి కరగవు. అంటే మన దగ్గర ఉన్న టైమంతా ఆ నీళ్లు ఎగిరిపోయేదాకానే. వైజాగ్ గాలిలో ఎలాగూ సముద్రపు తేమ నిండుగా ఉంటుంది, కాబట్టి గాలి కదలకపోతే రంగు మెల్లగా ఆరుతుంది. ఫ్యాను వేస్తే తడి మీద నుంచి గాలి నిరంతరం కొట్టుకుపోతుంది, ఏసీ వేస్తే గదిలో తేమే లాగేస్తుంది. నేనేమో ఇన్నాళ్లు మన వాతావరణం దీనికి పనికిరాదని అనుకుంటూ ఉన్నా, తీరా చూస్తే బ్రష్ పనికి మన ఉక్కపోత గాలే మేలు. ఇప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపేసి చిన్న టేబుల్ ఫ్యాను కింద నేల మీద పెట్టుకుని కాళ్ల మీదకి తిప్పుకుంటా, టేబుల్ అంచుకి ఒక అట్ట నిలబెడతా గాలి పైకి రాకుండా. అంతే, వెట్ బ్లెండింగ్‌లో సగం కష్టం పోయింది.

మిగతా సగానికి వెట్ పాలెట్. ఇది కొనక్కర్లేదు, స్వీట్ షాపు ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని అడుగున గిన్నెలు తుడిచే స్పాంజి గుడ్డ పరిచి నీళ్లు పోసి దాని మీద బేకింగ్ పేపర్ వేస్తే అయిపోయింది, కింద నుంచి తేమ మెల్లగా పైకొస్తూ రంగుని రెండు మూడు గంటలు తడిగా ఉంచుతుంది. మూత పెడితే మర్నాటికి కూడా వాడుకోవచ్చు. కానీ మా ఇంట్లో మూడో రోజుకి స్పాంజి మీద నల్ల చుక్కలు, అదొక రకం ముక్కిన వాసన. చాలామంది డబ్బాలో రాగి నాణెం వేస్తారు, నేను పాత కరెంట్ వైరు ఒలిచి లోపలి రాగి తీగని చుట్టలా చుట్టి స్పాంజి కింద పెట్టా, దాంతోపాటు వారానికోసారి స్పాంజిని వేణ్ణీళ్లలో ఉడకబెట్టడం మొదలెట్టా. రెండూ కలిపి పనిచేశాయి, మళ్లీ బూజు రాలేదు.

జులైలో స్లాప్‌చాప్ ట్రై చేశా. పేరు వినడానికి మొరటుగా ఉన్నా ఐడియా చాలా సూటిగా ఉంటుంది. నల్ల ప్రైమర్ మీద పెద్ద మెత్తటి బ్రష్‌తో బూడిద రంగు డ్రైబ్రష్ చెయ్యాలి, అంటే బ్రష్‌కున్న రంగు దాదాపు తుడిచేసి ఎత్తుల మీద మాత్రం తగిలేలా రుద్దాలి, ఆ తర్వాత తెలుపు, అదీ పై నుంచి మాత్రమే, వెలుతురు పై నుంచి పడ్డట్టు. ఆ తర్వాత కాంట్రాస్ట్ పెయింట్ అని పల్చగా, పారదర్శకంగా ఉండే రంగు ఒకే కోటు. గేమ్స్ వర్క్‌షాప్ రంగుల బ్రాండ్ సిటడెల్ వాళ్లు 2019లో ఈ కాంట్రాస్ట్ పెయింట్స్ తెచ్చారు, అదే రకంవి ఇప్పుడు వేరే కంపెనీలవి కూడా బోలెడున్నాయి. ఈ రంగు ఎత్తుగా ఉన్న చోట పల్చబడి గుంటల్లో చేరుతుంది, కింద ఉన్న నలుపు తెలుపు దాంట్లోంచి కనిపిస్తుంది కాబట్టి వెలుగునీడలు వాటంతట అవే వచ్చేస్తాయి. డ్రైబ్రష్‌కి నేను మేకప్ బ్రష్ వాడా, గుండ్రంగా గుబురుగా ఉండేది, ఫౌండేషన్‌ది. బొమ్మల షాపులో దొరికే డ్రైబ్రష్‌ల కన్నా ఇదే మెత్తగా ఉంటుంది, గరుకు గీతలు పడవు. పన్నెండు అస్థిపంజరాలు రెండు సాయంత్రాల్లో అయిపోయాయి, పాత పద్ధతిలో అయితే రెండు వారాలు పట్టేది.

ఒక్కటే ఇబ్బంది వచ్చింది, అది కూడా గాలి వల్లే. వీడియోల్లో బయటి దేశాలవాళ్లు ఈ రంగు పూసేసి పక్కన పెట్టేస్తారు. మా ఇంట్లో ఫ్యాను లేకుండా ఆ రంగు ముప్పావుగంట తడిగానే ఉంటోంది, ఆ ముప్పావుగంటా మెల్లగా కిందకి జారుతూనే ఉంటుంది, చివరికి క్లోక్ అడుగున కాఫీ మరకలాంటి గీత. కాబట్టి ఈ రంగు వేసిన ఐదు నిమిషాలకి మళ్లీ వచ్చి, కడిగి టిష్యూకి అద్దిన బ్రష్ మొనతో ఎక్కడెక్కడ ఎక్కువ చేరిందో అక్కడ పీల్చెయ్యాలి, తర్వాత ఫ్యాను వెయ్యాలి. అవును, దీనికి ఫ్యాను కావాలి. ఏ టెక్నిక్‌కి రంగు ఆగాలి, ఏ టెక్నిక్‌కి త్వరగా ఆరాలి అన్నది ముందే చూసుకుని దాన్నిబట్టి గది సెట్ చేసుకోవడం నాకు అలవాటైపోయింది. ఏ వీడియోలోనూ ఈ ముక్క చెప్పరు, చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు, వాళ్ల గదిలో ఫ్యాను తిరగదు కదా.

ఆగస్టు మాత్రం ఏడిపించింది. బ్రష్ పనికి మంచిదైన ఉక్క స్ప్రే డబ్బాకి అస్సలు పడదు. ఆ పన్నెండు అస్థిపంజరాలకీ మ్యాట్ వార్నిష్ (రంగుని కాపాడే, మెరుపు లేని పూత) స్ప్రే కొట్టా, రాత్రంతా వాన పడి తెరిపిచ్చిన రోజు, మేడ మీద. ఎండ వచ్చింది కదా అనుకున్నా గానీ గాలి నిండా తడే. పది నిమిషాల్లో బొమ్మలన్నిటి మీదా తెల్లటి పొగమంచు కప్పేసింది. ఎముకల మధ్య నేను అంత జాగ్రత్తగా దించిన నీడలన్నీ సుద్ద పూసినట్టయిపోయాయి. మేడ మీదే పిట్టగోడకి ఆనుకుని కూర్చుండిపోయా, కళ్లలో నీళ్లొచ్చాయి. ఇది డబ్బా తప్పు కాదు, స్ప్రే తుంపర గాల్లో ఉండగానే, బొమ్మ మీద పడ్డాకా తేమ పట్టేసి పొరలో చిక్కుకుపోతుంది, వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. రెండు రోజులు ముట్టుకోలేదు. తర్వాత బ్రష్‌తో గ్లాస్ వార్నిష్, అంటే మెరిసే రకం, పల్చగా ఒక కోటు వేసి చూస్తే చాలా వరకు మంచు కరిగిపోయినట్టు పోయింది, కింద రంగులు మళ్లీ కనిపించాయి! పూర్తిగా ఆరాక బ్రష్‌తోనే మ్యాట్ వేశా. పన్నెండులో పది బతికాయి, రెండింటి కళ్ల గుంటల్లో తెలుపు ఉండిపోయింది. అప్పటి నుంచి వానాకాలం అంతా ప్రైమర్ అయినా వార్నిష్ అయినా బ్రష్‌తోనే, స్ప్రే డబ్బా డిసెంబర్, జనవరి పొడి రోజులకే.

ఆ గ్లాస్ వార్నిష్ కోటే నన్ను ఆయిల్ వాష్ వైపు లాక్కెళ్లింది. మెరుస్తూ నున్నగా ఉన్న బొమ్మ మీద ఆయిల్ రంగు చాలా బాగా పారుతుందని విన్నా. ఆయిల్ రంగు ఆరేది నీళ్లు ఎగిరిపోయి కాదు, అందులోని అవిసె నూనె గాల్లో ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడుతుంది, దానికి రోజులు పడుతుంది. రోజులు! నిమిషాల కోసం కొట్టుకుంటున్న నాకు ఆ మాటే చాలు.

ఇక్కడ మా మావయ్య గురించి చెప్పాలి. అమ్మకి తమ్ముడు, గాజువాకలో ఉంటాడు, ముప్పయ్యేళ్లు షాపులకి బోర్డులు రాశాడు, గోడల మీద అడ్వర్టైజ్‌మెంట్లు, లారీల వెనక నెమళ్లు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని దాదాపు ఆగిపోయింది. ఒక ఆదివారం భోజనానికొచ్చి నా టేబుల్ దగ్గర కూర్చుని అద్దాలు నుదుటి మీదకి తోసి ఒక అస్థిపంజరాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. "ఏటే ఇది, చీమకి చీర కట్టినట్టుంది" అన్నాడు. నేను వెట్ బ్లెండింగ్ తంటా చెప్పా, ఫ్యాను సంగతి చెప్పా. అంతా విని "ఆరిపోయే రంగుతో పందెం ఎందుకే గుంటా, ఆగే రంగు తీసుకో. మేము ఎనామిల్‌తో ఎర్రంలోంచి పసుపు తీసేవాళ్లం, అక్షరం అక్షరానికి. అరగంట తడి ఉండేది" అన్నాడు. బోర్డుల మీద పెద్ద పెద్ద అక్షరాల్లో కింద ఎరుపు పైకొచ్చేసరికి పసుపు అయ్యే ఆ షేడింగ్ నేను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నా, అది వెట్ బ్లెండింగే అని ఒక్కసారీ తట్టలేదు.

నేను అప్పటికే ఆయిల్ రంగు పల్చన చెయ్యడానికి ఆర్ట్ షాపులో టర్పెంటైన్ బాటిల్ ఒకటి కొని ఒక బొమ్మ భుజం మీద ప్రయోగం చేసి ఉన్నా, రంగు లేచొచ్చేసింది. ఆ భుజం చూపించా. మావయ్య బాటిల్ మూత తీసి వాసన చూసి, ఇది పైన్ చెట్టు జిగురు నుంచి తీసేది, ఘాటు ఎక్కువ, హార్డ్‌వేర్ షాపులో ఎంటీఓ, అంటే మినరల్ టర్పెంటైన్ ఆయిల్ అడుగు, పెట్రోలియం నుంచి వచ్చేది, అది కింది రంగు మీద అంత ఘాటుగా పనిచెయ్యదు అన్నాడు. మన పెయింట్ షాపుల్లో టర్పెంటాయిల్ అని ఇచ్చేది చాలావరకు ఈ ఎంటీఓనే, బయటివాళ్లు వైట్ స్పిరిట్ అనేదీ ఇదే. ఇంకో తప్పు కూడా నాదే, యాక్రిలిక్ వేసిన మూడు గంటలకే దాని మీద రుద్దా. ఈసారి గ్లాస్ వార్నిష్ వేసి పూర్తిగా ఒక రోజు వదిలేశా.

పద్ధతి ఇది. కామెల్ ఆయిల్ ట్యూబులో బర్న్ట్ అంబర్ బఠాణీ గింజంత తీసి ముందు ఒక అట్టముక్క మీద పెట్టాలి, గంటసేపు. అట్ట ఎక్కువైన నూనెని పీల్చేస్తుంది, చుట్టూ జిడ్డు మరక రింగులా పాకడం కనిపిస్తుంది. నూనె తగ్గితే రంగు త్వరగా ఆరుతుంది, మెరుపు కూడా తగ్గుతుంది. తర్వాత చిన్న గిన్నెలో ఎంటీఓతో పల్చటి టీ రంగులో కలుపుకుని, బ్రష్ మొనతో ఒక్క చుక్క పక్కటెముకల మధ్య తాకించా. తాకించానంతే, ఆ చుక్క దానంతటదే ఎముక పక్కనున్న సందు పట్టుకుని చీమలబారులా పాక్కుంటూ వెన్నెముక దాకా వెళ్లి ఆగింది. మావయ్యా నేనూ ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆయనే రెండో చుక్క పెట్టాడు.

ముప్పై నిమిషాలాగి మేకప్ స్పాంజి ముక్కతో పై నుంచి కిందకి తుడవాలి. ఎత్తు మీద రంగు పోతుంది, గుంటల్లో ఉండిపోతుంది. ఎక్కడైనా ఎక్కువ పోయిందా, మళ్లీ పెట్టు. ఎక్కువ ఉందా, ఎంటీఓలో కాస్త తడిపిన ఇయర్‌బడ్‌తో తీసెయ్. గంట తర్వాత మనసు మారినా దిద్దుకోవచ్చు, అమ్మ టీకి పిలిస్తే వెళ్లి తాగి రావచ్చు. యాక్రిలిక్‌తో మూడేళ్లు పనిచేసినదానికి ఇది ఎంత హాయో మాటల్లో చెప్పలేను. గోధుమ అంబర్ రెండు రోజుల్లో ఆరిపోయింది, నలుపు మాత్రం వారం దాటినా వేలికి అంటుతూనే ఉంది. ఎందుకని చూస్తే అంబర్ మట్టిలో మాంగనీస్ ఉంటుంది, అది నూనె త్వరగా గట్టిపడేలా చేస్తుంది. మాంగనీస్ అనగానే నాకు మా పోర్టు గుర్తొచ్చింది, 1933లో వైజాగ్ పోర్టు తెరిచిందే ప్రధానంగా సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మాంగనీస్ ఖనిజం ఓడలకెక్కించడానికి. ఆ ఖనిజమే నా అస్థిపంజరం ఎముకల మధ్య నీడని ఆరబెడుతోందని తెలిశాక ఆ బొమ్మని ఇంకోసారి చేతిలోకి తీసుకుని చూశా.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఇది ఆషామాషీ కాదు. కిటికీలన్నీ తెరిచి చెయ్యాలి, దగ్గర్లో స్టవ్ గానీ దీపం గానీ ఉండకూడదు. ఆయిల్ రంగు తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడెయ్యొద్దు, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. నేను నీళ్లలో తడిపి విప్పి పరిచి ఆరేసి అప్పుడు పారేస్తా. బ్రష్ మొన సరిచెయ్యడానికి నోట్లో పెట్టుకునే అలవాటు నాకుండేది, అది ఆ రోజుతో మానేశా, కొన్ని రంగుల్లో కాడ్మియం లాంటివి ఉంటాయి.

మధ్యలో మావయ్యా నేనూ ఒకరోజు ఏటికొప్పాక వెళ్లొచ్చాం. వరాహ నది ఒడ్డున లక్క బొమ్మల ఊరు, 2017లో జీఐ ట్యాగ్ వచ్చింది. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పట్టుకుంటారు, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, ఆ పైన మొగలి ఆకుతో నున్నగా మెరుపు తీస్తారు. అక్కడ రంగు ఆరడం అన్న మాటే లేదు, చల్లారడమే. లేతు మీదున్న ఒక కుర్రాడు పసుపు కడ్డీ పెట్టి వెంటనే పక్కనే ఎరుపు పెడుతుంటే రెండూ కలిసే చోట నేనలాగే చూస్తూ నిలబడిపోయా, ఒక్క క్షణంలో అయిపోతుంది, దిద్దుబాటు ఉండదు, చెయ్యి అంత ఖచ్చితంగా ఉండాలి.

అక్టోబర్‌లో ఎన్‌ఎంఎం మొదలుపెట్టా. నాన్ మెటాలిక్ మెటల్, అంటే వెండి రంగు, బంగారు రంగు డబ్బా వాడకుండా మామూలు బూడిద, నలుపు, తెలుపుతోనే కత్తి ఇనుములా మెరుస్తున్నట్టు చెయ్యడం. 1987లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల రంగుల పోటీ గోల్డెన్ డీమన్ బొమ్మలు కొన్ని మా అన్నయ్య నాటింగ్‌హామ్‌లో అద్దాల బీరువాల్లో చూసి ఫొటోలు పంపాడు, వాటిల్లో కత్తులు చూస్తే ఇది రంగేనా అనిపిస్తుంది. నేను మొదట వేసిన మూడు కత్తులూ బూడిద రంగు కర్రల్లా వచ్చాయి. బ్లెండింగ్ నున్నగానే ఉంది, ఇప్పుడు టైము ఉంది కదా, నున్నగా వేశా. అయినా లోహంలా లేదు.

ఒక పొద్దున్న వంటింట్లో గట్టు మీద స్టీలు బిందె దగ్గర ఆగిపోయా. కిటికీ ఎదురుగా ఉంటుంది. రోజూ చూసే బిందె. మెడ కింద భుజం దగ్గర కిటికీ వెలుతురు తెల్లటి పట్టీలా పడుతోంది, బాగానే ఉంది, కానీ ఆ తెలుపుకి ఆనుకునే, జుట్టంత ఎడం కూడా లేకుండా, బిందె మొత్తంలోకీ నల్లటి గీత ఉంది. నేను తెలుపు నుంచి నలుపుకి ఎప్పుడూ మెల్లగా మెట్లు దిగుతూ వస్తున్నా, బిందె మీదేమో తెలుపు పక్కనే నలుపు! ఆ నలుపు కిందకొచ్చేకొద్దీ మెల్లగా బూడిదయ్యి, పొట్ట కింద ఎర్ర గచ్చు నీడ పడి రాగి రంగు తిరిగింది. అంటే బిందెకి సొంత రంగంటూ లేదు, పైన కిటికీ, మధ్యలో గోడ చీకటి, కింద గచ్చు, అంతే. తల ఇటు తిప్పితే పట్టీ ఇటు జరుగుతోంది, అటు తిప్పితే అటు. అమ్మ వెనక నుంచి "ఆ బిందె ఇటివ్వవే, నీళ్లు పట్టుకోవాలి, కుళాయి కట్టేస్తాడు" అంటే "అమ్మా ఒక్క నిమిషం, ఫొటో తీసుకుంటా" అన్నా. నాలుగు ఫొటోలు తీశా, ఫోన్‌లోనే బ్లాక్ అండ్ వైట్ చేసి చూశా, రంగు తీసేస్తే ఎక్కడ ఎంత ముదురో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత దేవుడి గదిలో ఇత్తడి చెంబు. దాంట్లో నీడ నలుపు కాదు, ముదురు గోధుమ, అక్కడి నుంచి పచ్చిపసుపు, ఆపైన లేత పసుపు, చివర్న ఒక్క చుక్క తెలుపు.

నాలుగో కత్తి ఆ ఫొటోలు ఎదురుగా పెట్టుకుని వేశా. కత్తి మధ్య గీతకి ఒక వైపు మొన దగ్గర తెలుపు పిడి దగ్గర నలుపు, రెండో వైపు దానికి సరిగ్గా తిరగేసి, అప్పుడు ప్రతిచోటా తెలుపు పక్కన నలుపు వస్తుంది. మధ్యలో మెట్లు కనపడకుండా గ్లేజ్‌లు, అంటే రంగులో నీళ్లు బాగా కలిపి, బ్రష్‌ని టిష్యూకి అద్ది, పల్చటి పొర మీద పొర. ఇందులో నాకు ఆలస్యంగా తెలిసిన కిటుకు ఒకటుంది. బ్రష్ ఎక్కడ పైకెత్తుతామో రంగు అక్కడ ఎక్కువ చేరుతుంది, కాబట్టి చీకటి కావాల్సిన వైపుకి లాగి అక్కడ ఎత్తాలి. ప్రతి పొరా పూర్తిగా ఆరాలి కాబట్టి దీనికి మళ్లీ ఫ్యాను, రెండో నంబర్‌లో. బ్రష్ కూడా సన్నది ఉండాలని సున్నా సున్నా సున్నా సైజులు కొన్నా ఇదివరకు, వాటిలో రంగు నిలవదు, కత్తి దాకా తెచ్చేలోపే మొన మీద ఆరిపోతుంది. ఒకటో నంబర్ కొలిన్స్‌కీ సేబుల్ (ఒక జంతువు వెంట్రుకలతో చేసే) బ్రష్, మొన బాగున్నది ఒక్కటి చాలు, కడుపులో రంగు పట్టుకుంటుంది, మొన సూదిలా ఉంటుంది. ఖరీదే, కానీ రోజూ సబ్బుతో కడిగి పెట్టుకుంటే ఏళ్లు వస్తుంది.

నాలుగు గంటలు పట్టింది ఆ కత్తికి. అమ్మకి చూపిస్తే వేలితో తాకి చూసింది, చల్లగా ఉంటుందేమో అన్నట్టు.

పాడైపోయిన ఆ మొదటి మూడు కత్తుల బొమ్మల్ని డెట్టాల్‌లో వేశా. ఇది బ్రిటన్‌లో పాతకాలం నుంచి చేసే పని, ప్లాస్టిక్‌కి హాని చెయ్యకుండా యాక్రిలిక్‌ని వదిలించేస్తుంది. నీళ్లు కలపకుండా రాత్రంతా నానబెట్టి పొద్దున్న పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పొరలు పొరలుగా వచ్చేస్తుంది. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, రుద్దాక వెంటనే నీళ్ల కింద పెట్టకూడదు, వదిలిన రంగంతా జిగట ముద్దలా తయారై బొమ్మకి, బ్రష్‌కి, వేళ్లకి అంటుకుపోతుంది. ముందు కొత్త డెట్టాల్‌లోనే జాడించి శుభ్రంగా అయ్యాక అప్పుడు సబ్బు నీళ్లు. గ్లవుజులు వేసుకోండి. రెజిన్ బొమ్మల్ని నేను ఇందులో వెయ్యలేదు.

ఇప్పుడు డ్రాగన్ నడుస్తోంది. అన్నయ్య కిందటిసారి తెచ్చింది, రెండేళ్లుగా ధైర్యం చాలక బాక్సులోనే ఉంది, అరచెయ్యంత రెక్కలు. ఆ రెక్కల పొర మీద ఎరుపు నుంచి పసుపుకి వెళ్లాలి, యాక్రిలిక్‌తో అంత వెడల్పు చోట నాకు రాదు. మావయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. యాక్రిలిక్‌తో అడుగు రంగు వేసి, వార్నిష్ వేసి, ఒక రోజు ఆగి, ఆయిల్ ఎరుపు రెక్కలోని వేళ్లలాంటి ఎముకల దగ్గర, పసుపు అంచు దగ్గర చుక్కలు చుక్కలుగా పెట్టాం. తర్వాత ఆయన పొడిగా ఉన్న పాత ఫ్లాట్ బ్రష్ ఒకటి జేబులోంచి తీశాడు, కుచ్చు సగానికి అరిగిపోయింది, బోర్డులు రాసిన రోజులది. "చూడు, నొక్కకు. ఈక తగిలినట్టు తగలాలి" అంటూ ఆ రెండు రంగుల మధ్య అటూ ఇటూ ఆడించాడు. ఎడమ రెక్క ఆయనది. కుడి రెక్క నేను చేశా, ఆయన బ్రష్‌తోనే. రెండూ పక్కపక్కన పెడితే ఆయనది ఇంకా మెత్తగా ఉంది, నాది ఒక చోట పసుపు కాస్త మురికైంది, మళ్లీ తుడిచి పెట్టా, టైము ఉంది కదా.

ఎరుపు ఆరడానికి అంబర్ కన్నా ఎక్కువ రోజులు పట్టేలా ఉంది. డ్రాగన్‌ని బీరువా మీద పెట్టి దుమ్ము పడకుండా పైన స్టీలు జల్లెడ బోర్లించా, గాలి కాస్త ఆడాలి కదా అని. ఈ రోజు నాలుగో రోజు, రెక్క అంచు వేలితో తాకి చూస్తే ఇంకా కొంచెం అంటుతోంది. మావయ్య రోజూ సాయంత్రం ఫోన్ చేసి ముందు అదే అడుగుతున్నాడు, ఆరిందా అని.